బోరు నీళ్ళలో ఆర్సెనిక్ వచ్చింది, "నానో ఫిల్టర్" పెట్టిస్తామంటున్నారు. నమ్మొచ్చా?

శివారు కాలనీ:

నమస్తే అందరికీ. మాది హైదరాబాద్ శివార్లలో ఒక పాత ఇండస్ట్రియల్ ఏరియాని ఆనుకుని ఉన్న అపార్ట్‌మెంట్, 40 ఫ్లాట్లు. మంజీర నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, అవి సరిపోవు కాబట్టి సంపులో బోరు నీళ్ళు కలుస్తాయి, ఎండాకాలంలో అయితే దాదాపు అంతా బోరే. ఈ మధ్య అసోసియేషన్ మీటింగ్‌లో మూడో ఫ్లోర్ మేడమ్ గారు పట్టుబట్టడంతో బోరు నీళ్ళు ల్యాబ్‌కి పంపించాం. సీసం, కాడ్మియం, క్రోమియం లిమిట్ లోపలే ఉన్నాయి. ఆర్సెనిక్ మాత్రం లీటరుకు 0.024 మిల్లీగ్రాములు అని వచ్చింది, పక్క గడిలో లిమిట్ 0.01 అని ఉంది. ఇనుము 0.7, టీడీఎస్ 900 పైన.

రిపోర్ట్ వాట్సాప్ గ్రూపులో పడినప్పటి నుంచి అందరికీ టెన్షన్. ఒకాయన ఏలూరులో అయినట్టు అవుతుందని వాయిస్ మెసేజ్‌లు పెడుతున్నాడు. ఈలోపు ఎవరో చెబితే ఒక ఫిల్టర్ కంపెనీ అతను వచ్చాడు. గ్రాఫీన్ నానో టెక్నాలజీ అట, హెవీ మెటల్స్ 99.9 శాతం లాగేస్తుందట, ఐదేళ్ళు మీడియా (లోపల లోహాల్ని పట్టే పదార్థం) మార్చే పని లేదట, ఆర్వోలా సగం నీళ్ళు డ్రైనేజీ పాలు కావట. చిన్న సీసాలో నీలం రంగు నీళ్ళు పోసి, చిటికెడు నల్ల పొడి వేసి ఊపి, దూది గుండా వడగడితే నీళ్ళు తేటగా వచ్చాయి. అది చూసి సగం మంది అడ్వాన్స్ ఇచ్చేద్దామన్నారు. రంగు పోతే ఆర్సెనిక్ కూడా పోయినట్టేనా అని నేనడిగితే నావైపు అదోలా చూశారు.

ఇందులో నిజంగా సైన్స్ ఉందా, పేరుకే నానోనా? ఆ పొడి నీళ్ళతో పాటు మన కడుపులోకి వస్తే ఏంటి పరిస్థితి? ఐదేళ్ళు మార్చక్కర్లేదన్నది అయ్యే పనేనా? సగం ఫ్లాట్లలో ఆర్వో ఎలాగూ ఉంది, అది చాలదా? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి, ఆదివారం మీటింగ్ ఉంది.

పాత పద్ధతే మేలు:

ఇన్ని ఖర్చులెందుకు అన్నా. నీళ్ళు బాగా మరగబెట్టి రాగి బిందెలో రాత్రంతా ఉంచి తాగండి, మా అమ్మమ్మ వాళ్ళింట్లో అదే పద్ధతి. మునగ గింజల పొడి వేసినా నీళ్ళు తేరుకుంటాయి.

ల్యాబ్ కోటు:

పైన అన్నగారు చెప్పింది పాటించకండి దయచేసి. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి, ఆర్సెనిక్ ఎక్కడికీ పోదు, పైగా నీరు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో దాని మోతాదు పెరుగుతుంది. రాగి బిందెదీ సూక్ష్మజీవుల కథే. మునగ గింజలు బురద నీళ్ళను తేర్చడానికి పనికొస్తాయి, మీ బోరు నీళ్ళు చూడటానికి తేటగానే ఉంటాయి కదా.

ఇక అసలు సంగతి. నేను మెటీరియల్స్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేశాను, నీళ్ళలోంచి లోహాలు పట్టే పదార్థాల మీదే. సైన్స్ ఉంది, గట్టిదే. కాకపోతే మీ దగ్గరికి వచ్చినతను చూపించింది ఆ సైన్స్ కాదు.

ఆర్సెనిక్, సీసం లాంటివి నీళ్ళలో కరిగి ఉంటాయి, మామూలు వడపోతకి దొరకవు. వాటిని ఏదో ఒక గట్టి పదార్థం ఉపరితలానికి అంటుకునేలా చేయాలి. అంటే ఎంత ఉపరితలం ఉంటే అంత పట్టు. ఐరన్ ఆక్సైడ్‌ని 10 నానోమీటర్ల కణాలుగా చేస్తే ఒక్క గ్రాము పొడికి లెక్క ప్రకారం సుమారు 115 చదరపు మీటర్ల ఉపరితలం వస్తుంది, అంటే చెంచా కొసన పట్టే పొడిలో మీ డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అంత నేల ఉన్నట్టు. అదే ఒక మైక్రాన్ కణాలైతే చదరపు మీటరు కాస్త దాటుతుంది, అంతే. అమెరికాలో రైస్ యూనివర్సిటీ వాళ్ళు 2006లో సైన్స్ పత్రికలో ఒక ముచ్చటైన పని చూపించారు, 12 నానోమీటర్ల మాగ్నటైట్ (అయస్కాంతానికి అంటుకునే ఐరన్ ఆక్సైడ్) కణాలు ఆర్సెనిక్‌ని పట్టుకున్నాక వాటిని మామూలు చేతి అయస్కాంతంతో నీళ్ళలోంచి లాగేయొచ్చని. కణం చిన్నదైతే పట్టు పెరుగుతుందని ఆ పనిలోనూ కనిపించింది.

కానీ ఉపరితలం ఉంటే చాలదు, దాని మీద ఏ ఆవేశం ఉందన్నది ముఖ్యం. మీ గ్రాఫీన్ వ్యవహారం ఇక్కడే తేడా కొడుతుంది. గ్రాఫీన్ అంటే కార్బన్ పలచటి పొర, ఇలాంటి ఫిల్టర్లలో వాడేది ఎక్కువగా గ్రాఫీన్ ఆక్సైడ్, దాని మీద కార్బాక్సిల్ గుంపులు ఉంటాయి, మామూలు నీళ్ళ పీహెచ్‌లో వాటికి రుణావేశం. సీసం, కాడ్మియం ధనావేశంతో ఉంటాయి కాబట్టి బాగానే అంటుకుంటాయి. ఆర్సెనిక్ అలా కాదు. అది రెండు రూపాల్లో ఉంటుంది, ఆర్సెనిక్ త్రీ, ఆర్సెనిక్ ఫైవ్ అంటాం. ఫైవ్‌ది రుణావేశమే, కాబట్టి ఉత్త గ్రాఫీన్ ఆక్సైడ్ దాన్ని దగ్గరికి రానివ్వదు. త్రీకి పీహెచ్ 9 దాటితే తప్ప ఆవేశమే ఉండదు. అతను వేసిన నీలం రంగు మిథిలీన్ బ్లూ అయి ఉంటుంది, ఇలాంటి డెమోల్లో తరచూ అదే వాడతారు, అది ధనావేశం ఉన్న రంగు. ఏ బొగ్గు పొడి వేసినా చక్కగా పోతుంది. మీరు అడిగిన ప్రశ్న సరైనదే, మీవైపు అదోలా చూసినవాళ్ళకి ఈ పేరా చూపించండి.

ఆర్సెనిక్‌కి ఇనుముతో పని. ఐరన్ ఆక్సీహైడ్రాక్సైడ్ (తుప్పు లాంటి పదార్థం) మీద ఆర్సెనిక్ ఊరికే అతుక్కోవడం కాదు, రసాయన బంధమే వేసుకుంటుంది, అందుకే అంత తేలిగ్గా ఊడిరాదు. ఐఐటీ మద్రాస్‌లో ప్రొఫెసర్ టి. ప్రదీప్ గారి బృందం చేసిన అమృత్ అనే పదార్థం ఈ కోవదే. ఈ తరహా కణాలను కైటోసాన్ జాలంలో బిగించే పద్ధతి మీద వాళ్ళ పేపర్ 2013లో పీఎన్ఏఎస్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది, ఆర్సెనిక్ కోసమే చేసిన ఇనుము పదార్థం మీద మరొకటి 2017లో. ఆయనకి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. కైటోసాన్ అంటే రొయ్య పెంకుల నుంచి తీసేదే (మన గోదావరి జిల్లాల్లో గుట్టలుగా పారేసేది). మీ రెండో ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది: పొడిని వదులుగా వాడితే నీళ్ళతో పాటు కొట్టుకొస్తుంది, అందుకే పని తెలిసినవాళ్ళు ఎవరూ పొడిగా వాడరు, ఇసుక రవ్వంత గుళికలుగా చేసి వాడతారు. మీ దగ్గరికి వచ్చినతని కాట్రిడ్జ్‌లో పొడి ఉందా గుళికలున్నాయా అని అడగండి.

ఇంకోటి. మార్కెట్లో నానో అని రాసి ఉన్న ఫిల్టర్లలో చాలావాటిలో ఉండేది నానో వెండి. 2009లో వచ్చిన టాటా స్వచ్ఛ్‌లో వరిపొట్టు బూడిదకి పట్టించింది అదే, బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ వాళ్ళు సిరామిక్ క్యాండిల్‌కి పూత వేసిందీ అదే. అవి బ్యాక్టీరియా కోసం, ఆ పని చేస్తాయి. లోహాలతో వాటికి సంబంధం లేదు.

ఏలూరు సంగతి వేరు, దాన్ని దీనికి ముడిపెట్టకండి. అక్కడ 2020 డిసెంబరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు, ఎయిమ్స్ వాళ్ళు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, ఆ తర్వాత అనుమానం పురుగుమందుల మీదకి మళ్ళింది. మీ నీళ్ళలో ఉన్న మోతాదుకి రేపో ఎల్లుండో ఏమీ అవదు. ఏళ్ళ తరబడి తాగితేనే బాధ, అరచేతులు, అరికాళ్ళ మీద గరుకు మచ్చలు మొదలుకుని క్యాన్సర్ దాకా. కాబట్టి ఆదివారం లోపు తేల్చేయాలన్న కంగారు వద్దు, అలాగని వదిలేయనూ వద్దు.

గొట్టపుబావి:

నేను కొన్నేళ్ళు పశ్చిమ బెంగాల్‌లో నదియా, ముర్షిదాబాద్ వైపు తాగునీటి ప్రాజెక్టుల్లో పనిచేశాను, ఆర్సెనిక్ అంటే అక్కడే. ల్యాబ్ కోటు గారు చెప్పిన కెమిస్ట్రీకి నేను అడ్డం చెప్పను, కానీ ఊళ్ళో ఫిల్టర్ చెడేది కెమిస్ట్రీ వల్ల కాదు, పెట్టి వెళ్ళిపోయిన తర్వాత.

జాదవ్‌పూర్ యూనివర్సిటీ వాళ్ళ పేపర్ ఒకటి 2005లో వచ్చింది, దక్షిణ 24 పరగణాల జిల్లా బారుయిపూర్ బ్లాకులో రకరకాల కంపెనీల ఆర్సెనిక్ ప్లాంట్లను రెండేళ్ళు వరసగా గమనించి రాసింది. దేశీ, విదేశీ పేరున్న కంపెనీలే. అవి చాలావరకు నీళ్ళను లిమిట్ లోపల నిలకడగా ఉంచలేకపోయాయి. నేను కళ్ళారా చూసింది కూడా అదే. బ్యాక్‌వాష్ (నీళ్ళు వెనక్కి పంపి ఫిల్టర్ కడగడం) చేయాల్సిన మనిషికి జీతం ఆగిపోతుంది, అతను మానేస్తాడు, పైన ఇనుము తుప్పు గడ్డకట్టి నీళ్ళ ధార తగ్గుతుంది, ధార తగ్గిందని ఎవరో బైపాస్ వాల్వ్ తిప్పేస్తారు. ఇక ఆ తర్వాత ఫిల్టర్ బోర్డు అలాగే వేలాడుతుంది, దాని కింద జనం బోరు నీళ్ళే పట్టుకెళ్తుంటారు. బ్యాక్‌వాష్ చేసిన ఎర్రటి బురద ఎక్కడికి పోయేదంటే ఆ పక్క కాలవలోకే, అక్కడే బాతులు.

నల్గొండ టెక్నిక్‌లోనూ ఇదే గొడవ, పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ని కిందకి దించడం దాకా బాగుంది, దిగిన మడ్డి ఏం చేయాలో ఎవరికీ పట్టలేదు.

కాబట్టి మీ ఐదేళ్ళ గ్యారంటీ మాట లెక్క వేసి చూద్దాం. 40 ఫ్లాట్లు, తాగడానికీ వంటకీ ఫ్లాట్‌కి రోజుకు 20 లీటర్లు, మొత్తం 800 లీటర్లు. లీటరుకు 0.024 చొప్పున రోజుకు 19 మిల్లీగ్రాములు, ఏడాదికి 7 గ్రాముల ఆర్సెనిక్. బ్రోచర్లో గ్రాము పొడి 100 మిల్లీగ్రాములు పడుతుందని రాసి ఉంటుంది, ఆ లెక్కన ఏడాదికి 70 గ్రాముల పొడి చాలు, ఐదేళ్ళకి 350 గ్రాములు. ఆహా అనిపిస్తుంది కదా. కానీ ఆ 100 అనేది డిస్టిల్డ్ వాటర్‌లో, ఆర్సెనిక్ దండిగా పోసి కొలిచిన అంకె. మీ నీళ్ళలో ఉన్నంత తక్కువ మోతాదు దగ్గర, దానికి పోటీగా ఫాస్ఫేటు, సిలికా ఉన్నచోట, గ్రాముకి ఒక మిల్లీగ్రాము పట్టిందనుకుంటే ఏడాదికి 7 కిలోలు కావాలి. ఐదేళ్ళకి 35 కిలోలు. అతను పెడతానన్న కాట్రిడ్జ్ బరువెంతో అడగండి, ఇంకేమీ అడగక్కర్లేదు.

బోరు నీళ్ళు మొత్తం ఫిల్టర్ గుండా పంపుతానంటే లెక్క ఇంకా మారిపోతుంది. స్నానానికీ బట్టలకీ ఆర్సెనిక్ తీయాల్సిన పని లేదు, చర్మం గుండా లోపలికి పోయేది చాలా తక్కువ. తాగే నీళ్ళు, అన్నం వండే నీళ్ళు, ఈ రెండే చూసుకోండి.

ప్లేటింగ్ షాపు:

బాలానగర్‌లో క్రోమ్ ప్లేటింగ్ పని నాది, రోజూ లోహాల నీళ్ళతోనే బతుకు కాబట్టి నాలుగు మాటలు. మా ఎఫ్లుయెంట్‌లో (వాడి వదిలే నీళ్ళలో) క్రోమియం లీటరుకు వందల మిల్లీగ్రాముల్లో ఉంటుంది. దానికి నానో గీనో ఏమీ అక్కర్లేదు. యాసిడ్ వేసి పీహెచ్ కిందకి దించి, బైసల్ఫైట్‌తో విషం ఎక్కువున్న హెక్స్ క్రోమియంని ట్రైవాలెంట్ రూపంలోకి మార్చి, సున్నం వేసి పీహెచ్ 8, 9 మధ్యకి తెస్తే ఆకుపచ్చటి మడ్డిలా కిందకి దిగిపోతుంది. ఫిల్టర్ ప్రెస్‌లో పిండి కేక్ తీసి టీఎస్‌డీఎఫ్‌కి (ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసి పూడ్చే చోటికి) పంపుతాం. అమ్మడానికి మా దగ్గరికీ నానో ఐరన్ పొడి పట్టుకుని ఒకతను వచ్చాడు. అది క్రోమియంని మారుస్తుంది, అబద్ధం కాదు, గాలి తగిలితే తుప్పు పట్టి సత్తువ పోతుంది, రేటు చూస్తే బైసల్ఫైట్ బస్తాకి ఎక్కడా పోలిక లేదు. మరీ ఎక్కువ మోతాదుకి సున్నమే రాజు. ఆఖర్న మిగిలే ఆ కాస్త మైక్రోగ్రాముల దగ్గర సున్నం చేతులెత్తేస్తుంది, అక్కడ మాత్రం ఈ కొత్త మీడియాలకి పని ఉంది. మీది ఆ కాస్త మోతాదు కేసే కాబట్టి నానో వద్దని నేననను.

కానీ ఒక్క మాట అడుగుతా అన్నా, ఏమనుకోవద్దు. మీకు మంజీర లైను ఉంది కదా? మంచి నీళ్ళు తీసుకెళ్ళి బోరు నీళ్ళున్న సంపులో ఎందుకు కలుపుతున్నారు? 800 లీటర్లే కదా కావాల్సింది. మంజీర నీళ్ళకి వేరే రెండు వేల లీటర్ల ట్యాంకు పెట్టి, కిచెన్‌కి ఒక్క లైను వేరుగా లాగించుకుంటే ప్లంబర్ ఖర్చుతో పోతుంది.

శివారు కాలనీ:

చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. గొట్టపుబావి గారూ, మీ లెక్క కాగితం మీద రాసుకుని అతనికి ఫోన్ చేశాను. కాట్రిడ్జ్ బరువు రెండు కిలోల చిల్లర అట. ఆర్సెనిక్‌కి గ్రాఫీన్ ఎలా పనిచేస్తుందని అడిగితే కాసేపు ఆగి, "సార్, ఆర్సెనిక్‌కి మా దగ్గర వేరే మోడల్ ఉంది, అది ఐరన్ బేస్డ్, దానికి ఐదేళ్ళ గ్యారంటీ వర్తించదు" అన్నాడు. ముందే చెప్పొచ్చు కదా అంటే మీరు హెవీ మెటల్స్ అన్నారు కదా సార్ అంటాడు.

వేరే ట్యాంకు ఐడియా మాకెవరికీ తట్టలేదు, మీటింగ్‌లో మొదటి పాయింట్ అదే పెడతాను. కానీ ఏప్రిల్, మేలో మంజీర నీళ్ళు వారానికోసారి వచ్చిన రోజులున్నాయి, అప్పటికి ఏదో ఒకటి ఉండాలి. ఇళ్ళలో ఉన్న ఆర్వోల సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ ఐరన్ మోడల్ తీసుకుంటే ఏం చూసుకోవాలో కూడా చెప్పండి.

ల్యాబ్ కోటు:

ఆర్వో ఆర్సెనిక్ ఫైవ్‌ని బాగా ఆపుతుంది, త్రీని సగం సగం. మీ బోర్లో ఏది ఎంతుందో రిపోర్ట్‌లో ఉండదు, మొత్తం కలిపి ఒకటే అంకె ఇస్తారు. ఇనుము కూడా 0.7 ఉందంటే అడుగున ఆక్సిజన్ తక్కువగా ఉండే నీళ్ళేమో, అలాంటి చోట త్రీ ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. ఊహించడం ఎందుకు, రెండు మూడు ఫ్లాట్లలో ఆర్వో కొళాయి కింద నీళ్ళు పట్టి టెస్టుకి ఇవ్వండి, మెంబ్రేన్ కొత్తది ఒకటి, పాతది ఒకటి ఉండేలా చూడండి. లిమిట్ లోపల వస్తే ఆ ఇళ్ళకి ఎండాకాలం గడిచిపోతుంది.

ఐరన్ మీడియా పెట్టేటట్టయితే దాని ముందు కొంచెం క్లోరిన్ పడేలా చేయించండి. గాలి తగిలితే త్రీ ఫైవ్‌గా మారడానికి చాలాసేపు పడుతుంది, క్లోరిన్ అయితే నిమిషాల్లో మారుస్తుంది, ఫైవ్‌నే మీడియా గట్టిగా పడుతుంది. క్లోరిన్‌తో మీ నీళ్ళలో ఉన్న ఇనుము కూడా తుప్పుగా బయటపడుతుంది, ఆ తుప్పు కొంత ఆర్సెనిక్‌ని తనతో పట్టుకునే దిగుతుంది, దాన్ని ఒక ఇసుక ఫిల్టర్‌లో ఆపేస్తే మీడియా మీద భారం తగ్గుతుంది. ఇసుక ఫిల్టర్ లేకుండా నేరుగా మీడియాలోకి వదిలితే గొట్టపుబావి గారు చెప్పిన గడ్డ కట్టుడు మొదలవుతుంది. క్లోరిన్ వేసిన నీళ్ళు ఆర్వోకి మాత్రం కార్బన్ ఫిల్టర్ దాటకుండా పోకూడదు, మెంబ్రేన్ పాడవుతుంది. నీళ్ళు మీడియాలో మూడు నుంచి ఐదు నిమిషాలైనా ఉండేంత డబ్బా ఉండాలి, కొళాయికి బిగించే బుడ్డి ఫిల్టర్లు దీనికి పనికిరావు.

డబ్బు కట్టే ముందు మీ బోరు నీళ్ళే ఒక డ్రమ్ము ఇచ్చి వాళ్ళ మీడియా గుండా పంపించి చూపించమనండి. వచ్చిన నీళ్ళు వాళ్ళు కాదు, మీరు టెస్టుకి పంపాలి.

గొట్టపుబావి:

అగ్రిమెంట్‌లో గ్యారంటీని ఏళ్ళలో రాయనివ్వకండి. ఎన్ని వేల లీటర్లకి, బయటకొచ్చే నీళ్ళలో ఆర్సెనిక్ ఎంత దాటకుండా, అని రాయించండి, అవుట్‌లెట్‌కి వాటర్ మీటర్ పెట్టించండి. మూడు నెలలకోసారి టెస్ట్ ఖర్చు ఎవరిదో కూడా అందులోనే ఉండాలి. బైపాస్ వాల్వ్ అసలు పెట్టించకండి.

వాడేసిన మీడియా వాళ్ళే వెనక్కి తీసుకెళ్తారని రాయించండి. దాన్ని వాచ్‌మన్ మామూలు చెత్త బండిలో వేస్తే, కుళ్ళిన చెత్త మధ్య గాలి ఆడనిచోట ఆ ఐరన్ ఆక్సైడ్ కరిగి, పట్టుకున్న ఆర్సెనిక్‌ని మళ్ళీ వదిలేస్తుంది. పటాన్‌చెరు మట్టిలో ఆర్సెనిక్, క్రోమియం ఉన్నాయని హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళు 2001లోనే రాశారు, అంతకు ముందే 1990లో ఆ చుట్టుపక్కల కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు పడింది, ఇంకా మనమూ పోసి రావాలా. దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాల టీఎస్‌డీఎఫ్ ఉంది, కంపెనీ వాళ్ళకి దారి తెలియకపోతే ప్లేటింగ్ షాపు అన్న చెబుతాడు.

ప్లేటింగ్ షాపు:

చెబుతా. వాళ్ళు చిన్న లోడుకి బండి పంపరు, మీ ఫిల్టర్ కంపెనీ అతను నాలుగైదు అపార్ట్‌మెంట్లది కలిపి పంపాలి. ఇప్పటిదాకా ఎక్కడెక్కడ కలిపి పంపాడో రసీదు చూపించమనండి, అడ్వాన్స్ ఇచ్చే ముందే.

శివారు కాలనీ:

రసీదు అడిగాను, చూసి చెబుతానన్నాడు. చివరగా ఒకటి, ఆర్వో శాంపిల్స్ రేపు పట్టిద్దామనుకుంటున్నా, మామూలు బిస్లెరీ బాటిల్‌లో పట్టొచ్చా?

ల్యాబ్ కోటు:

వద్దు. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి ముందే ఫోన్ చేసి లోహాలకి అని చెప్పండి, నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేసిన ప్లాస్టిక్ సీసాలు వాళ్ళే ఇస్తారు. ఆ యాసిడ్‌ని కడిగి పారబోయకండి, అది లేకపోతే దారిలో ఇనుము తుప్పుగా మారి ఆర్సెనిక్‌ని పట్టుకుని సీసా గోడకి అంటుకుంటుంది, రిపోర్ట్‌లో తక్కువ చూపిస్తుంది. బోరు శాంపిల్ అయితే మోటారు పది పదిహేను నిమిషాలు ఆడిన తర్వాత పట్టండి, సంపులోంచి కాదు, బోరు పైపు దగ్గరే. ఐసీపీ-ఎంఎస్ (లోహాలను అతి తక్కువ మోతాదులోనూ కొలిచే యంత్రం) మీద చేస్తారా అని కూడా అడగండి. సీసాల మీద ఫ్లాట్ నంబరు, మెంబ్రేన్ మార్చి ఎన్నాళ్ళయిందో రాసి పెట్టండి, రిపోర్ట్ వచ్చాక ఇక్కడ పెట్టండి చూద్దాం.